డేటాబేస్ పునర్నిర్మాణం – 5వ పాఠం: పాత డేటాను ఏ దారిలో తరలించాలి?

కిందటి పాఠంలో గ్రంథాలయం డేటాబేస్‌కు కొత్త నమూనా గీశాం. పాత పుస్తకాల టేబుల్‌లో రచయితల పేర్లన్నీ ఒకే గడిలో కామాలతో ఉండేవి. కొత్త నమూనాలో పుస్తకాలకు ఒక టేబుల్, రచయితలకు ఒకటి, రెంటినీ కలపడానికి మరొకటి. ఇక పాత డేటాను వీటిలోకి చేర్చాలి.

ఎన్ని వరుసలున్నాయన్నది చాలామంది వేసే మొదటి ప్రశ్న. నా దృష్టిలో అది మూడోది. పాత విలువను కొత్త విలువగా మార్చే నియమం ఒక్క వాక్యంలో చెప్పగలమా? తరలింపు జరిగినంతసేపు పని ఆపగలమా? ముందు ఇవి తేలాలి.

పుస్తకం పేరు, ధర, ప్రచురణ సంవత్సరం ఉన్నవి ఉన్నట్టు వెళ్తాయి. రెండు టేబుళ్లూ ఒకే డేటాబేస్‌లో ఉంటే ‘ఇన్సర్ట్ – సెలెక్ట్’ (ఒక టేబుల్ నుంచి చదివి ఇంకోదాంట్లో రాసే ఆదేశం) చాలు. అంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే జరిగితే అంతా జరగాలి, లేకపోతే ఏదీ జరగకూడదన్న కట్టలో పెడితే, తేడా వచ్చినప్పుడు రోల్‌బ్యాక్ చేసి మొత్తం వెనక్కి తీసుకోవచ్చు. ఈపాటి దానికి పైథాన్ స్క్రిప్టు రాయడం దండగ.

చిక్కంతా రచయితలతోనే. ‘శ్రీనివాస్, కె., సీత’ అన్న గడిని కామాల దగ్గర తెగ్గొడితే ‘కె.’ అనే మూడో రచయిత పుట్టుకొస్తాడు. ఇంకో తంటా కంటికి కనిపించదు. ‘శ్రీనివాస్’ చివరి పొల్లు తర్వాత కొందరు టైపు చేసేటప్పుడు యూనికోడ్‌లోని 200సి అక్షరం చేరిపోతుంది. అది ఉన్న పేరూ, లేని పేరూ తెర మీద ఒకటే. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌కు మామూలుగా అవి వేర్వేరు. ‘ట్రిమ్’ ఆదేశం పేరుకు అటూ ఇటూ ఉన్న ఖాళీలను తీసేస్తుంది గానీ దీన్ని ముట్టుకోదు.

ఇలాంటి చోట పాత టేబుల్‌ను అక్షరం మార్చకుండా స్టేజింగ్ అనే తాత్కాలిక టేబుల్‌లోకి దించుకుని, అక్కడ స్క్రిప్టుతో శుభ్రం చేయాలి. అనుమానం వచ్చిన పేర్లను స్క్రిప్టు తనంతట తాను తేల్చకుండా పక్కన పెట్టాలి. వాటిని గ్రంథపాలకులే చూసి చెప్పాలి. పాత వరుస సంఖ్యను కొత్త టేబుల్‌లోనూ ఒక కాలమ్‌గా ఉంచండి. ఏ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడానికి అదే ఆధారం.

ఇక పని ఆపే సంగతి. గ్రంథాలయానికి వారాంతపు సెలవుంది కాబట్టి ఒకేసారి మార్చేయవచ్చు. బ్యాంకుకు అది ప్రమాదం. 2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు దాదాపు 50 లక్షల మంది ఖాతాదారులను ఒకే వారాంతంలో కొత్త వ్యవస్థకు మార్చింది. డేటా సవ్యంగానే చేరింది, వ్యవస్థే మొరాయించింది. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. పని ఆపలేనివారు విడతలుగా మార్చాలి, లేదా కొంతకాలం పాత, కొత్త డేటాబేస్‌లు రెంటిలోనూ రాయాలి. రెండో పద్ధతిలో ఒక చోట రాత విఫలమైతే రెండూ పొంతన తప్పుతాయి. చిన్న సంస్థలకు ఆ బరువు అనవసరం.

అభ్యాసం: మీ పాత టేబుల్‌లో అత్యంత గజిబిజిగా ఉన్న పది గడులు ఏరండి. ఒక్కో దానికి మార్పు నియమం తెలుగులో రాయండి. ‘అయితే ఒక్కోసారి’ అని రాయవలసి వచ్చిన ప్రతి కాలమ్‌నూ స్టేజింగ్‌కు పంపండి. తరలించాక సరిచూసుకోవడం 6వ పాఠంలో.