ఏ4 షీటుతో 10 నానోఫారడ్ల కెపాసిటర్ తయారు చేయడం ఎలా?

కెపాసిటర్ అంటే రెండు లోహపు ప్లేట్ల మధ్య కరెంటు పారని పొర పెట్టి ఛార్జ్ నిలవ చేసే భాగం. అది ఎంత ఛార్జ్ పట్టగలదో చెప్పే కొలత కెపాసిటెన్స్, దాని యూనిట్ ఫారడ్; నానోఫారడ్ అంటే అందులో వంద కోట్లో వంతు.

కావలసినవి: 100 మైక్రాన్ల (మిల్లీమీటరులో పదో వంతు) మందం ఉన్న ఏ4 ఓహెచ్‌పీ షీటు (ప్రొజెక్టర్‌కు వాడే పారదర్శక ప్లాస్టిక్ షీటు) ఒకటి, వంటింటి అల్యూమినియం ఫాయిల్, రెండు ప్లైవుడ్ పలకలు, కెపాసిటెన్స్ కొలిచే మల్టీమీటర్. విశాఖ గాలిలో మామూలు కాగితం పనికిరాదు. తేమ పీల్చుకుని రీడింగ్ పూటకోలా మారుతుంది, లీకేజీ (ఛార్జ్ తనంతట తాను కారిపోవడం) కూడా పెరుగుతుంది. ఓహెచ్‌పీ షీటు పాలిస్టర్ కాబట్టి ఆ బాధ తక్కువ.

ముందు లెక్క చూద్దాం. ప్లేటు వైశాల్యాన్ని డైఎలెక్ట్రిక్ స్థిరాంకంతోనూ (మధ్య పొర గాలితో పోలిస్తే కెపాసిటెన్స్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పే సంఖ్య) 8.854 × 10⁻¹² తోనూ గుణించి, ప్లేట్ల మధ్య దూరంతో భాగిస్తే కెపాసిటెన్స్ ఫారడ్లలో వస్తుంది. కొలతలన్నీ మీటర్లలో ఉండాలి. పాలిస్టర్ స్థిరాంకం సుమారు 3.2. ఆ లెక్కన 10 నానోఫారడ్లకు 353 చదరపు సెంటీమీటర్లు, అంటే 15 × 23.5 సెంటీమీటర్ల ప్లేటు కావాలి. చుట్టూ 3 సెంటీమీటర్ల అంచు మిగులుతుంది. ఉప్పగాలికి ఆ అంచు మీద తేమ పేరుకుంటే కరెంటు అటునుంచే జారిపోతుంది. అందుకే షీటును స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి.

ఫాయిల్‌ను బ్లేడు, స్కేలు పెట్టి కోయండి. కత్తెరకు అంచులు నలుగుతాయి. ప్రతి ప్లేటుకూ 5 సెంటీమీటర్ల తోక వదలండి, రెండు తోకలూ ఎదురెదురు చివరల్లో ఉండాలి. ఫాయిల్‌ను అద్దం మీద పరిచి గరిటె వెనుక భాగంతో ముడతలు పోయేలా రుద్దండి. షీటుకు అటొకటి ఇటొకటి సరిగ్గా ఎదురుగా అమర్చి, పలకల మధ్య పెట్టి 5 కిలోల బరువు ఉంచండి. అల్యూమినియానికి టంకం సరిగా అంటదు, తోకలకు క్రోకడైల్ క్లిప్పులు తగిలిస్తే చాలు.

మీటరు 10 బదులు 6 చూపిస్తే లెక్క తప్పిందని కంగారు పడొద్దు. రెండు వైపులా కలిపి 20 మైక్రాన్ల గాలి చిక్కుకున్నా అంతే వస్తుంది. గాలి స్థిరాంకం 1 కాబట్టి ఆ 20 మైక్రాన్లు 64 మైక్రాన్ల పాలిస్టర్‌తో సమానం. విరుగుడు ఆముదం. దాని స్థిరాంకం సుమారు 4.5. పలచగా రాసి మళ్లీ బరువు పెడితే గాలి బయటికి పోయి రీడింగ్ 9 దాకా ఎక్కుతుంది. అంచుల మీదికి కారిన నూనె తుడిచేయండి.

9 వోల్టుల బ్యాటరీతో ఛార్జ్ చేసి వోల్టేజీ చూస్తే రెప్పపాటులో పడిపోతుంది. అది లీకేజీ కాదు: 10 మెగాఓమ్‌ల లోపలి నిరోధం ఉన్న మీటరు ద్వారా ఈ కెపాసిటర్ సెకనులో పదో వంతు కాలంలోనే చాలామటుకు ఖాళీ అవుతుంది. గోడ ప్లగ్గుకు మాత్రం దీన్ని ఎప్పుడూ తగిలించకండి.