బాత్ వేడెక్కితే వేగం లెక్క తప్పుతోందా? అల్ట్రాసోనిక్ ఇంటర్‌ఫెరోమీటర్ చిక్కులు

అల్ట్రాసోనిక్ ఇంటర్‌ఫెరోమీటర్ అంటే ద్రవంలో ధ్వని వేగం కొలిచే పరికరం. గది ఉష్ణోగ్రత దగ్గర బుద్ధిగా నడిచే ఇది, వాటర్ బాత్ (గొట్టాల ద్వారా సెల్ చుట్టూ వేడినీరు తిప్పే తొట్టి) ఆన్ చేయగానే మొండికేస్తుంది. కింద చెప్పేదంతా 2 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉన్న సెల్ (ద్రవం పోసే పాత్ర) గురించి. జనరేటర్ నడిపే క్రిస్టల్ ధ్వని తరంగాలు పంపుతుంది, ఎదురుగా ఉన్న రిఫ్లెక్టర్ పలక వాటిని తిప్పికొడుతుంది. మైక్రోమీటర్ స్క్రూతో రిఫ్లెక్టర్‌ను జరుపుతుంటే ప్రతి అర తరంగదైర్ఘ్యానికీ మీటర్ ముల్లు ఒకసారి పైకి లేస్తుంది, అదే గరిష్ఠం. ఆ దూరం నుంచే వేగం లెక్కిస్తాం.

సమస్య: బాత్ 40 డిగ్రీలు చూపిస్తోంది. నీటిలో ధ్వని వేగం 1529 మీ./సె. రావాలి, 1526 వస్తోంది.

ముందు మైక్రోమీటర్‌ను అనుమానించండి. ఇక్కడ అర తరంగదైర్ఘ్యం 0.38 మి.మీ. మాత్రమే. 20 గరిష్ఠాలు దాటితే 7.64 మి.మీ. అందులో 0.01 మి.మీ. తప్పు చదివితే వేగంలో 2 మీటర్లు పోయినట్టే. నాలుగైదుసార్లు తీసినా 1526 దగ్గరే ఉంటే కారణం వేరు: 40 డిగ్రీలున్నది బాత్‌లో, సెల్‌లో కాదు. దారిలో రబ్బరు గొట్టాలే కొంత వేడిని మింగేస్తాయి, బల్ల ఫ్యాను కింద ఉంటే మరీను. 40 దగ్గర నీటిలో వేగం డిగ్రీకి సుమారు 1.7 మీటర్లు పెరుగుతుంది కాబట్టి సెల్ దాదాపు రెండు డిగ్రీలు చల్లగా ఉందన్నమాట. పరికరం తప్పు చెప్పలేదు, అడగకుండానే థర్మామీటర్ పని కూడా చేసిపెట్టింది.

గొట్టాలు పొట్టివి వేసి గుడ్డ చుట్టండి. ఉష్ణోగ్రత మార్చిన ప్రతిసారీ పావుగంట ఆగండి. ముందు డిస్టిల్డ్ వాటర్‌తో ఈ తేడా ఎంతో రాసిపెట్టుకుంటే, ఆ తర్వాత పోసే ద్రవానికీ పనికొస్తుంది.

సమస్య: వేడెక్కేకొద్దీ మీటర్ ముల్లు సరిగా లేవడం లేదు.

గాలి బుడగలు. నీటిలో కరిగిన గాలి వేడికి బయటికొచ్చి రిఫ్లెక్టర్‌కి అంటుకుంటుంది. ఒక మధ్యాహ్నమంతా నేను జనరేటర్‌ను తిట్టుకున్నాను, తీరా విప్పి చూస్తే రిఫ్లెక్టర్ నిండా బుడగలే. నీటిని ముందే మరిగించి చల్లార్చి పోయండి.

సమస్య: గరిష్ఠాల మధ్య దూరాలు ఒకేలా లేవు.

స్క్రూని ముందుకీ వెనక్కీ తిప్పుతున్నారు. ఒకే దిశలో తిప్పండి. గరిష్ఠం దాటిపోతే బాగా వెనక్కి వెళ్లి మళ్లీ రండి.

సమస్య: నీటిలో వేగం పెరుగుతోంది, ఇథనాల్‌లో తగ్గుతోంది.

ఇది సమస్యే కాదు. చాలా ద్రవాల్లో వేడితో వేగం తగ్గుతుంది, ఇథనాల్‌లో డిగ్రీకి 3 మీటర్లకు పైగానే. తేడా అయినది నీరే: సుమారు 74 డిగ్రీల దాకా పెరిగి, 1555 మీ./సె. తాకి, అక్కడి నుంచి తగ్గుతుంది.

సమస్య: వేగం సరిగ్గానే ఉంది, స్థిరోష్ణక సంపీడ్యత (ఒత్తిడికి ద్రవం ఎంత కుదించుకుపోతుందో చెప్పే విలువ, వేగం, సాంద్రతల నుంచి లెక్కిస్తాం) మాత్రం కలవడం లేదు.

సాంద్రత ఏ ఉష్ణోగ్రతది వేశారు? నీటికి 25 డిగ్రీల దగ్గర 997 కి.గ్రా./ఘ.మీ., 40 దగ్గర 992. 40 దగ్గర కూడా 25 నాటి సాంద్రతే వేస్తే జవాబు అర శాతం తప్పుతుంది.