మెష్ వైఫైలో చెయ్యి పెట్టే ముందు

ఇంటర్వ్యూనో ఆన్‌లైన్ పరీక్షో రేపనగా, చివరి గదిలో వైఫై సరిగా అందడం లేదన్న సంగతి ఈ రాత్రి గుర్తొస్తుంది. రౌటర్ వెనక సన్న రంధ్రంలో పిన్ను గుచ్చాలనిపించేది సరిగ్గా అప్పుడే. నేనూ ఒకసారి గుచ్చాను, రీస్టార్ట్ అవుతుందనుకుని. అయింది రీసెట్! వైఫై పేరు, పాస్‌వర్డ్, ఇంటర్నెట్ యూజర్‌నేమ్ అన్నీ ఒక్క దెబ్బకి తుడిచిపెట్టుకుపోయాయి. తెల్లారేదాకా ఫోన్ డేటాతో నెట్టుకొచ్చాను.

అందుకే మెష్‌ని, అంటే ఇల్లంతా వైఫై పంచడానికి అక్కడక్కడా పెట్టే నోడ్లనే పెట్టెల జట్టుని, కదిపే పని ఏదైనా రెండు మూడు రోజుల ముందే పెట్టుకోండి. ముందుగా ఇంటర్నెట్ సెట్టింగుల పేజీని ఫొటో తీసుకోండి. ఆ ఫొటో ఫోన్‌లోనే ఉండాలి సుమా, క్లౌడ్‌లో దాస్తే నెట్ పోయాక తెరుచుకోదు. రీస్టార్ట్‌కి పిన్నుతో పనిలేదు, ప్లగ్ తీసి అర నిమిషం ఆగి పెడితే చాలు. ఇంటర్నెట్ లైను వచ్చి చేరే మోడెమ్ ముందు, దానికి తగిలించిన మెయిన్ నోడ్ తర్వాత, మిగతా నోడ్లు చివర. ఫర్మ్‌వేర్ (పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ నడుస్తున్నప్పుడు మాత్రం కరెంటు తీయకండి. మధ్యలో ఆగితే ఆ పెట్టె మళ్లీ లేవకపోవచ్చు.

జబ్బు ఎక్కడుందో తేలకుండా మందు వేయొద్దు. ల్యాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో మెయిన్ నోడ్‌కి తగిలించి స్పీడ్ చూడండి. అక్కడే తక్కువ వస్తుంటే వైఫైని అనడం దండగ. ప్లాన్ ఎంత పెద్దదైనా స్పీడ్ 95 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంటే కేబుల్‌ని అనుమానించండి. గిగాబిట్‌కి అందులోని నాలుగు జతల తీగలూ కావాలి, ఒక్కటి తెగినా లింకు 100కి దిగిపోవచ్చు.

కేబుల్‌లో బాగుండి గదిలో బాగోలేదంటే, చాలావరకు తప్పు నోడ్ పెట్టిన చోటుదే. సిగ్నల్ రాని గదిలోనే నోడ్ పెట్టడం అందరం చేసే పొరపాటు. నోడ్ తనంతట తాను ఇంటర్నెట్‌ని పుట్టించదు, తనకి అందినదాన్ని మళ్లీ పంచుతుంది. దానికే అందనిచోట పెడితే ఎండిన చెరువుకి కాలువ తవ్వినట్టే. ఫోన్‌లో మాత్రం గీతలు నిండుగా కనిపించి మోసం చేస్తాయి. ఫోన్ చూసేది పక్కనున్న నోడ్‌ని కదా! ఆ నోడ్‌కీ మెయిన్ నోడ్‌కీ మధ్య ఏం జరుగుతోందో ఆ గీతలకి తెలియదు. కాబట్టి నోడ్‌ని మెయిన్ నోడ్‌కీ ఆ గదికీ మధ్య సగం దూరంలో పెట్టండి. నోడ్ల మధ్య సిగ్నల్‌ని యాప్ డీబీఎంలలో (సిగ్నల్ బలాన్ని చెప్పే కొలతలో) చూపిస్తే, అది మైనస్ అంకె అని గుర్తుంచుకోండి. -55 హాయి. -67 కన్నా దిగజారితే వీడియో కాల్ నత్తినత్తిగా నడుస్తుంది. -80 అయితే ఉన్నా లేనట్టే. 10 డీబీ తగ్గితే అందే శక్తి పదో వంతుకి పడిపోతుంది.

టీవీ వెనక, ఇనుప బీరువా పక్కన, పెద్ద అద్దం చాటున, అక్వేరియం దగ్గర నోడ్ పెట్టొద్దు. అందంగా కనిపించడం లేదని అల్మారాలో దాచేవాళ్లకి చెప్పేదేమీ లేదు. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ వైఫై వాడే బ్యాండ్లలో (రేడియో తరంగాల పట్టీల్లో) ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే, అది తిరిగినంతసేపూ ఆ బ్యాండ్‌లో రొదే. 5 గిగాహెర్ట్జ్‌కి ఆ బెడద లేదు కానీ గోడలు దాటేటప్పుడు త్వరగా నీరసిస్తుంది. 2.4లో ఛానెల్‌ని (బ్యాండ్‌లోని చిన్న భాగాన్ని) మీరే ఎంచుకోవాల్సి వస్తే 1, 6, 11 తప్ప మరొకటి వద్దు, ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండేవి ఆ మూడే.

చాలదని ఇంకో నోడ్, ఇంకో నోడ్ అని గొలుసు కట్టకండి. ఒకే రేడియోతో అందుకుని దానితోనే పంచే నోడ్‌లో స్పీడ్ దాదాపు సగమవుతుంది. దాని వెనక తగిలించిన నోడ్‌కి మిగిలేది ఇంకా తక్కువ. నన్నడిగితే, కొత్త నోడ్ కొనేకన్నా ఉన్న నోడ్‌కి లాన్ కేబుల్ లాగడం మేలు.

పాత రౌటర్ ఇంకా తన వైఫైని పంచుతుంటే ఆ వైఫైని ఆపేయండి. రౌటింగ్ పని (ఇంట్లోని పరికరాలకి అడ్రసులిచ్చి ఇంటర్నెట్‌కి దారి చూపడం) పాత రౌటర్, మెష్ రెండూ చేస్తుంటే గేములు, ఇంట్లోని ప్రింటర్ లాంటివి మొరాయిస్తాయి. పాతదాన్ని బ్రిడ్జ్ మోడ్‌లోనో (లైనుని అందించి ఊరుకునేలా), మెష్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోనో (వైఫై మాత్రమే పంచేలా) పెట్టాలి. వైఫై పేరు, పాస్‌వర్డ్ మాత్రం మార్చొద్దు. మారిస్తే బల్బులు, కెమెరాలు అన్నిటినీ మళ్లీ ఒక్కొక్కటిగా కలుపుకుంటూ కూర్చోవాలి.

ఇవన్నీ ఒకే పూట చేయకండి. ఒకటి మార్చి, అదే కుర్చీలో కూర్చుని స్పీడ్ చూసి, రాసుకుని, అప్పుడు రెండోది. లేకపోతే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తేలదు.

ఇక అసలు రోజున ఏ సెట్టింగూ ముట్టుకోవద్దు. కాల్‌కి ముందు ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో వైఫై ఒకసారి ఆపి మళ్లీ వేయండి. దూరపు నోడ్‌ని వదలకుండా పట్టుకుని వేలాడే అలవాటు వాటికి ఉంది, ఏ నోడ్‌కి అతుక్కోవాలో చివరికి తేల్చుకునేది అవే. ఫోన్ హాట్‌స్పాట్‌కి ల్యాప్‌టాప్‌ని ముందురోజే ఒకసారి కలిపి ఉంచండి, కాల్ మధ్యలో పాస్‌వర్డ్ వెతుక్కునే టెన్షన్ ఉండదు.