జర్మనీకి కొత్తగా వచ్చారా, ఆఫీసు వీడియో మీటింగుల గురించి ఒక మాట

మాస్టర్స్ అయ్యాక ఉద్యోగంలో చేరినా, ఇండియా నుంచి బ్లూ కార్డ్ (చదువుకున్నవాళ్ళకిచ్చే ఉద్యోగ పర్మిట్) మీద నేరుగా దిగినా, అన్మెల్డుంగ్ (ఇంటి చిరునామా రిజిస్ట్రేషన్) ఎలా చేయాలి, బ్యాంకు అకౌంటు ఎక్కడ తెరవాలి, బియ్యం ఏ షాపులో బాగుంటాయి ఇవన్నీ చెప్పేవాళ్ళు బోలెడుమంది దొరుకుతారు గానీ మొదటి టీమ్స్ మీటింగులో ఎలా నెగ్గుకురావాలో మాత్రం ఎవరూ చెప్పరు. నాకూ చెప్పలేదు, అన్నీ మొట్టికాయలు తిన్నాకే తెలిశాయి.

ముందు టైము. ఎవరైనా ఫోన్లో "హాల్ప్ త్సేన్"కి కలుద్దాం అంటే, హాల్ప్ అంటే సగం, త్సేన్ అంటే పది, అంటే పదిన్నర అనుకుంటాం. కాదు, తొమ్మిదిన్నర. పదో గంట సగం అయ్యిందని వాళ్ళ లెక్క. నేను చేరిన కొత్తలో ఒక కస్టమర్ కాల్‌కి పది ఇరవై ఐదుకే లింకు నొక్కి, ఐదు నిమిషాలు ముందే వచ్చేశానని మురిసిపోతూ కూర్చున్నా, స్క్రీన్ మీద నా మొహం తప్ప ఇంకెవరూ లేరు, అప్పటికే వాళ్ళు మాట్లాడుకుని వెళ్ళిపోయి అరగంట. అప్పట్నుంచి టైము నోటితో చెప్తే "నోయ్న్ ఊర్ డ్రైసిష్" (తొమ్మిది ముప్పై) అని తిరిగి చెప్పి ఖాయం చేసుకుంటా. అలాగే "కా వే 23లో పెడదాం" అంటే కంగారు పడకండి, ఏడాదిలో 23వ వారం అని. కేలండర్ సెట్టింగుల్లో వారాల నంబర్లు ఆన్ చేసుకుంటే సరి.

ఇక మీరే మీటింగు పెట్టాల్సొస్తే ఇంకొంచెం జాగ్రత్త. ఇండియాలో గడియారం ఏడాది పొడుగునా ఒకటే, ఇక్కడ మార్చి చివరి ఆదివారం గంట ముందుకి, అక్టోబర్ చివరి ఆదివారం గంట వెనక్కి. చలికాలంలో నాలుగున్నర గంటల తేడా, ఎండాకాలంలో మూడున్నర. హైదరాబాద్ టీముతో వారం వారం కాల్ ఉంటే ఆ ఇన్వైట్ ఎవరు పంపారో చూడండి, అక్కడివాళ్ళు పంపితే మీ తొమ్మిది గంటల కాల్ మార్చి ఆఖర్న పదికి జరుగుతుంది, మీరు పంపితే మీ తొమ్మిది కదలదు, వాళ్ళ ఒకటిన్నర పన్నెండున్నరై సరిగ్గా క్యారేజీ విప్పే టైముకి పడుతుంది. అమెరికా వాళ్ళు కూడా కాల్‌లో ఉంటే మరీ గందరగోళం, వాళ్ళు మార్చి రెండో ఆదివారమే గడియారం తిప్పేస్తారు కాబట్టి ఆ రెండుమూడు వారాలు న్యూయార్క్‌తో ఆరు గంటల తేడా ఐదు అవుతుంది.

మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒకటి భోజనం, శుక్రవారం రెండు దాటాక సగంమంది ఉండరు. సెలవులు రాష్ట్రానికో రకం, జనవరి 6 బవేరియాలో సెలవు బెర్లిన్‌లో కాదు, మార్చి 8 బెర్లిన్‌లో సెలవు బవేరియాలో కాదు. ఇంకోటి, ఇక్కడి పని వేళల చట్టం ప్రకారం ఒక రోజు పని ముగిశాక 11 గంటల విశ్రాంతి ఉండాలి, అంటే రాత్రి పదకొండుకి కాల్ ముగిస్తే మర్నాడు పదింటిదాకా ఆ మనిషిని పిలవకూడదు. మనవాళ్ళు "పర్లేదు నేను జాయిన్ అవుతా" అంటారు, మేనేజరే వద్దంటాడు.

పేరు సంగతి కొంచెం నవ్వొచ్చేది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు ఉంటుంది కదా, ఫార్మల్ మీటింగులో హెర్ (మిస్టర్) అనో ఫ్రౌ (మిసెస్) అనో తగిలించి ఆ ఇంటిపేరుతోనే పిలుస్తారు, మా తాతగారిని ఎవరో పిలుస్తున్నారేమో అనిపించేది మొదట్లో. వాళ్ళతో "జీ" అనాలి, "డూ" అనకూడదు. మన మీరు, నువ్వు లాంటిదే కాబట్టి ఇంగ్లీషు వాళ్ళకంటే మనకే తొందరగా ఒంటబడుతుంది. పెద్దవాళ్ళో పైవాళ్ళో తామంతట తాము "డూ అందాం" అనేదాకా ఆగండి.

అసలు విషయం అజెండా, మినిట్స్ (మీటింగులో ఏం తేలిందో రాసిపెట్టే నోట్సు). అజెండాని టాగెస్‌ఆర్డ్‌నుంగ్ అంటారు, అందులో "టాప్ 3" అని ఉంటే గొప్ప మూడు విషయాలని కాదు, మూడో అంశం అని. ఇది కాల్‌కి ముందే వస్తుంది, చదువుకుని రావాలి, ఎందుకంటే ఇక్కడ మీటింగులో ఆలోచించరు, ఆలోచించుకుని వచ్చి చెప్తారు. లిస్టులో లేనిది మధ్యలో ఎత్తితే చివర్లో "ఇతర విషయాలు" కిందకి తోసేస్తారు, టైము మిగిలితేనే దానికి మోక్షం.

ప్రోటోకోల్ అంటే మినిట్స్, నా కొంప ముంచింది ఇదే. ఒక కాల్‌లో టెస్ట్ సర్వర్ మార్పు ఎవరు చేస్తారంటే ఎవరూ నోరు విప్పలేదు, ఆ మౌనం నాకే ఇబ్బందిగా ఉండి తల అటూ ఇటూ ఊపి "ఐ విల్ సీ" అన్నా. మన లెక్కలో అది పెళ్ళిచూపులయ్యాక "ఇంటికెళ్ళి కబురు చేస్తాం" అనడం లాంటిది, అవతలివాళ్ళకి అర్థమైపోవాలి. మర్నాడు మెయిల్లో ప్రోటోకోల్ వచ్చింది, మూడు గళ్ళ టేబుల్, ఏం పని, ఎవరు, ఎప్పటిలోగా. రెండో గడిలో మా ఇంటిపేరు, మూడో గడిలో 15.11, అంటే నవంబర్ 15. నేను ఒప్పుకోలేదే అని లోపల గొణుక్కుని ఊరుకున్నా, ఊరుకోవడమే తప్పు, వెంటనే తిరిగి రాయకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. పదిహేనో తారీఖు పొద్దున్నే "ఎంతవరకు వచ్చింది" అని అడిగారు, కోపంగా కూడా కాదు, మామూలుగా. కుదరదంటే కుదరదనండి, వాళ్ళేమీ అనుకోరు, ఇరవయ్యో తారీఖుకి చేస్తానంటే ఇరవై అని రాసుకుంటారు అంతే. అవును అంటే నిలువుగా, కాదంటే అడ్డంగా ఊపండి, మన ఊపుడు కెమెరాలో అస్సలు అర్థం కాదు వాళ్ళకి.

రికార్డింగ్ మాత్రం ఆటలొద్దు. తర్వాత వినొచ్చులే అని ఫోన్ పక్కన పెట్టి చడీచప్పుడు లేకుండా రికార్డ్ చేయడం ఇక్కడ నేరం, శిక్షాస్మృతి 201వ సెక్షన్, మూడేళ్ళ దాకా జైలు లేదా జరిమానా. నోట్స్ రాసే ఏఐ బాట్‌ని కాల్‌లోకి తోలుకురావడం కూడా అందరూ సరే అన్నాకే. స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్‌లో పెట్టేవాళ్ళున్నారు, దయచేసి వద్దు.

ఇంటి నుంచైతే షేరింగ్ ఫ్లాట్‌లో ఉన్నవాళ్ళు కుక్కర్ ఎవరు ఎప్పుడు పెడతారో ముందే మాట్లాడుకోండి, మూడో విజిల్‌కి మ్యూట్ బటన్ దొరకదు. కొత్త ఇంట్లో నెట్ కనెక్షన్ రావడానికి వారాలు పట్టొచ్చు, అప్పటిదాకా ఫోన్ హాట్‌స్పాటే దిక్కు, వీడియో ఆపేస్తున్నానని ఒక మాట చెప్పి ఆపేయండి.

ఇంకోటి మర్చిపోయా. యూనివర్సిటీ వాళ్ళ కాల్స్‌లో ఎవరైనా ప్రెజెంటేషన్ ముగించగానే చప్పట్లకి బదులు బల్ల మీద పిడికిలితో టకటకా కొడతారు, మెచ్చుకోవడం అన్నమాట. మొన్న అలా ఏడెనిమిది మంది ఒకేసారి కొడితే, ఇండియా నుంచి వచ్చి ఉన్న మా అమ్మ వంటింట్లోంచి "ఎవరో తలుపు కొడుతున్నార్రా, చూడు" అని కేకేసింది, నా మైకు ఆన్‌లోనే ఉంది.