పాత చేతి ఆటబొమ్మల తరహా మొబైల్ గేమ్: కోడ్ మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

☐ అసలు బొమ్మతో ఆడండి. వీడియోలు చూస్తే చాలదు. అటక మీద పాత బ్రిక్ గేమ్ (పడే ఇటుకల్ని పేర్చే చేతి ఆటబొమ్మ) ఉంటే సెల్స్ వేసి చూడండి. లేదంటే బెజవాడ వన్‌టౌన్, బెసెంట్ రోడ్డు బొమ్మల కొట్లలో అడగండి.

☐ తెర ఏ రకమో ముందే తేల్చుకోండి. అన్నిటికంటే ముఖ్యం ఇదే. 1980లో నింటెండోలో గున్‌పే యోకోయ్ రూపొందించిన గేమ్ అండ్ వాచ్ అనే చేతి ఆట పరికరంలో ప్రతి బొమ్మకూ ఎల్‌సీడీ మీద స్థానం ముందే ఖాయం. అది కనబడుతుంది, మాయమవుతుంది, అంతే. కాబట్టి ఒకదానిమీద ఒకటి పడేలా బొమ్మలు గీయకండి. కదలికను నున్నగా చేయకండి, గెంతనివ్వండి. ఆరిన బొమ్మల లేత నీడ కూడా వెనకాల ఉంటేనే ఆ అందం వస్తుంది. బ్రిక్ గేమ్ పద్ధతి వేరు: అడ్డంగా 10, నిలువుగా 20 గళ్లు. రెండిటినీ కలిపితే ఏదీ నమ్మబుద్ధి కాదు.

☐ ఒకసారికి ఒకటే బీప్. వెనక సంగీతం వద్దు.

☐ ఫోన్ అద్దం మీద బటన్ అంచు వేలికి తగలదు. చిన్న వైబ్రేషన్ పెట్టండి. బొటనవేలు ఆటను కప్పకూడదు.

☐ పాత ఎల్‌సీడీ ఎండలోనే బాగా కనబడేది, ఫోన్ అలా కాదు. మధ్యాహ్నం నెహ్రూ బస్టాండ్ బయట నిలబడి చూడండి.

☐ పడే ముక్కల్ని పేర్చే ఆట టెట్రిస్ పేరు, దాని ముక్కల రూపం వాడకండి. 2012లో అమెరికా కోర్టు అలాంటి నకలు ఆటకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. మన ఊరి బొమ్మలే గీయండి: ప్రకాశం బ్యారేజీ గేట్లు, మిర్చి బస్తాలు.