సీఎన్‌సీ రౌటర్ స్టెప్పులు మింగకుండా సెట్ చేసుకోవడం

మా చెల్లెలి గృహప్రవేశానికి నా సీఎన్‌సీ రౌటర్‌తో (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కను చెక్కే మిషన్) టేకు చెక్క మీద 'శ్రీనిలయం' అని చెక్కుదామని కూర్చున్నాను. 'శ్రీ' బ్రహ్మాండంగా వచ్చింది. చివరికొచ్చేసరికి సున్నా పక్కకు జరిగి 'య' మీదెక్కి కూర్చుంది. తెర మీద మాత్రం అంతా సవ్యంగా ఉన్నట్టే అంకెలు తిరుగుతున్నాయి.

మనం ఇళ్లల్లో కట్టుకునే మిషన్లలో మోటారు నిజంగా ఎంత తిరిగిందో కంట్రోలర్‌కి చెప్పే ఏర్పాటు మామూలుగా ఉండదు. 'పద' అంటుంది, పోయిందనుకుంటుంది. మోటారు కదలకుండా వదిలేసిన ఆ అడుగులనే స్టెప్పులు మింగడం అంటున్నాను. ముప్పై ఏళ్లు ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేసినవాణ్ణి, హ్యాండిల్ బిగుసుకుంటే నా చేతికి తెలిసేది. దీనికి ఆ చెయ్యి లేదు.

నాది ఆర్డుయినో ఊనో బోర్డు మీద జీఆర్‌బీఎల్ 1.1 (మిషన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్), డీఎం542 డ్రైవర్లు (మోటార్లకు కరెంటిచ్చి తిప్పేవి), 36 వోల్టుల సప్లై, నెమా 23 సైజు స్టెప్పర్ మోటార్లు, 1605 బాల్ స్క్రూలు (మోటారు తిప్పితే మిషన్‌ని జరిపే మరలు). మీవి వేరైనా లెక్క వేసే తీరు ఇదే.

మోటారు ఒక చుట్టుకు 200 స్టెప్పులు. డ్రైవర్ స్విచ్చులను 1600కి పెట్టాను, అంటే ఒక్కో స్టెప్పు 8 ముక్కలు. చుట్టుకు స్క్రూ 5 మి.మీ. జరుపుతుంది. 1600ని 5తో భాగిస్తే మిల్లీమీటరుకు 320 ముక్కలు, ముక్కకో పల్సు. జీఆర్‌బీఎల్ సెట్టింగుల్లో ఎక్స్‌కి $100లో, వైకి $101లో అదే అంకె. ఎక్కువ ముక్కలు చేస్తే ఇంకా నున్నగా నడుస్తుందని మొదట 32 పెట్టాను. అప్పుడు మిల్లీమీటరుకు 1280 పల్సులు కావాలి. ఊనో మీద జీఆర్‌బీఎల్ సెకనుకు సుమారు 30,000 పల్సులే పంపగలదు కాబట్టి, నిమిషానికి 1400 మి.మీ. దాటగానే చేతులెత్తేస్తుంది. 8 చాలు.

ఆ 320ని ఇక ముట్టుకోకండి. కొందరు 10 మి.మీ. జరిపి, వెర్నియర్‌తో కొలిచి, 9.9 వచ్చిందని దాన్ని సవరిస్తారు. చాలాసార్లు అది స్క్రూలో ఉన్న ఆట, అంటే వదులు. దాన్ని అంకెతో సర్దితే 10 దగ్గర సరిపోతుంది, 300 దగ్గర 3 మి.మీ. తేడా కొడుతుంది. ఆట ఎంతుందో చూడాలంటే డయల్ గేజ్ (సన్నటి కదలికను ముల్లుతో చూపేది) ఆనించి, ఒకే వైపు రెండుసార్లు 1 మి.మీ. చొప్పున జరిపి, తర్వాత 1 మి.మీ. వెనక్కి రండి. వెనక్కొచ్చేటప్పుడు ముల్లు ఎంత తక్కువ కదిలిందో అంత ఆట. నట్టో, బేరింగో చూసుకోవాలి.

కరెంటు డ్రైవర్ మీద మొదటి మూడు స్విచ్చులతో పెడతాం. నా మోటారు మీద 2.8 ఆంపియర్లు రాసుంది, 2.84 పెట్టాను. సప్లై ఉండగా మోటారు తీగ పీకకండి. నేను పీకి ఒక డ్రైవర్ కాల్చుకున్నాను. $1లో 255 పెడితే మిషన్ ఆగినప్పుడు కూడా మోటార్లు పట్టు వదలవు.

ఇక పరీక్ష. మోటారు షాఫ్టు, దాన్ని స్క్రూతో కలిపే కప్లింగ్, స్క్రూ మూడింటి మీదుగా స్కెచ్ పెన్నుతో ఒకే గీత గీయండి. డయల్ గేజ్ సున్నా దగ్గర పెట్టి, 200 మి.మీ. పోయి రావడం 20 సార్లు నడపండి. ప్రతిసారీ ఒకే వైపు నుంచి వచ్చి ఆగుతుంది కాబట్టి ఆట ఇందులో కనపడదు. ముల్లు సున్నాకి రాకపోతే ముందు గీత చూడండి. గీత తెగితే కప్లింగ్ జారింది. గీత అలాగే ఉంటే స్టెప్పులు పోయాయి.

నేను గీత గీయకుండానే మొదలుపెట్టాను. స్టెప్పులు పోతున్నాయనుకుని రెండు సాయంత్రాలు యాక్సిలరేషన్ (వేగం అందుకునే దూకుడు, ఎక్స్‌కి $120) తగ్గించుకుంటూ పోతే, $120 50కి దిగినా ముల్లు తప్పుతూనే ఉంది. మోటారు ఇంత బలహీనమా అని తల పట్టుకున్నాను. తీరా గీస్తే గీత తెగింది! కప్లింగ్‌ని షాఫ్టుకు బిగించే చిన్న మర, గ్రబ్ స్క్రూ, వదులు. మోటారులోకి ఇనుప రజను పోకుండా గుడ్డ చుట్టి, గ్రబ్ స్క్రూ ఆనే చోట షాఫ్టును ఆకురాయితో చదును చేసి, లాక్‌టైట్ (మర వదులవకుండా పట్టే జిగురు) వేసి బిగించాను.

అప్పుడు మళ్లీ $120ని 50 నుంచి 50 చొప్పున పెంచాను. బస్తాలు నిండిన బండిని లాగడం కంటే కదిలించడమే కష్టం కదా, 14 కిలోల గాంట్రీ (కోసే మోటారును మోస్తూ కదిలే అడ్డ దూలం) కూడా అంతే. నిమిషానికి 3000 మి.మీ. వేగంతో 400 దగ్గర స్టెప్పులు మింగింది. కోసేటప్పుడు లోడు ఇంకా పెరుగుతుంది కాబట్టి 250 దగ్గర ఆపాను.

లిమిట్ స్విచ్ (మిషన్ అంచు దాటకుండా ఆపేది) తీగలను స్పిండిల్ (కోసే బిట్‌ని తిప్పే మోటారు) తీగతో కలిపి కట్టకండి, స్పిండిల్ వేయగానే ఉత్తపుణ్యానికి అలారం 1, అంటే అంచు తగిలిందన్న హెచ్చరిక, రావచ్చు. ఎమర్జెన్సీ స్విచ్ మాత్రం డ్రైవర్లకీ స్పిండిల్‌కీ పోయే కరెంటునే కోసేయాలి, సాఫ్ట్‌వేర్ బటన్‌ని నమ్ముకోవద్దు.

రెండో టేకు ముక్క మీద సున్నా తన చోటే ఉంది. స్కెచ్ పెన్ను గీతను తుడవలేదు. ప్రతి పనికి ముందు ఒకసారి వంగి చూస్తాను.