మీ గిటార్ మీరే బాగుచేసుకోండి – 4వ పాఠం: పికప్‌లు మార్చడం

కిందటి పాఠంలో నట్ (మెడ చివర తీగలు ఆనే గాడుల పట్టీ), ట్యూనింగ్ కీల పని చూశాం. శ్రుతి నిలవకపోతే ముందు నట్ గాడి చూసుకోవాలని, కీలు మార్చడం ఆ తర్వాతి మాటని చెప్పుకున్నాం. ఆ పని పూర్తయ్యి, కొత్త తీగలతో శ్రుతి నిలుస్తోందని తేలాకే ఈ పాఠంలోకి రండి. శ్రుతి జారిపోయే గిటార్‌లో ఎంత ఖరీదైన పికప్ (తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే అయస్కాంతపు భాగం) పెట్టినా డబ్బు దండగే.

ఈసారి ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) తరహా ఎలక్ట్రిక్ గిటార్ తీసుకుందాం. మూడు సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌లు, ఒక వాల్యూమ్, రెండు టోన్ నాబ్‌లు, ఐదు స్థానాల స్విచ్ ఉంటాయి.

కొత్తవి కొనేముందు పాత పికప్‌ల ఎత్తు ఒకసారి సరిచేసి వినండి. చాలామంది ఈ పని చేయకుండానే ఆర్డర్ పెట్టేస్తారు. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి పట్టుకుని, తీగ అడుగు నుంచి పికప్ పోల్ (ప్రతి తీగ కింద ఉండే లోహపు ముక్క) పైభాగం దాకా స్కేలుతో కొలవండి. లావు తీగ వైపు 2 మి.మీ., సన్న తీగ వైపు 1.6 మి.మీ. దగ్గర మొదలుపెట్టండి. మామూలు సింగిల్ కాయిల్‌కు ఫెండర్ సూచించే కొలతలు ఇవి. పికప్ మరీ పైకి ఉంటే అయస్కాంతం తీగను లాగుతుంది. అప్పుడు ఆరో తీగను పై ఫ్రెట్లలో మోగిస్తే ఒకే స్వరం రెండుగా చీలి కొట్టుకుంటున్నట్టు వినిపిస్తుంది. స్క్రూ తిప్పితే పోయే దోషం ఇది.

ఎత్తు సరిచేశాక కూడా శబ్దం నచ్చలేదా? అయితే మార్చుదాం.

గిటార్ విప్పకముందే చేయాల్సిన పరీక్ష ఒకటి ఉంది. గిటార్‌కు కేబుల్ పెట్టి, వాల్యూమ్ పూర్తిగా తెరిచి, మల్టీమీటర్‌ను (విద్యుత్ నిరోధం కొలిచే మీటర్) 20 కిలో ఓమ్‌ల దగ్గర ఉంచి, కేబుల్ రెండో కొన మీద ఒక మొన చివరకు, ఇంకోటి వెనక లోహపు భాగానికి ఆనించండి. స్విచ్ ఒక్కో పికప్ మీదికి మార్చి అంకె రాసుకోండి. స్ట్రాట్ పికప్ 6 కిలో ఓమ్‌లది అయితే మీటర్ 5.8 లేదా 5.9 చూపిస్తుంది, ఎందుకంటే 250 కిలో ఓమ్‌ల వాల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండి నిరోధాన్ని మార్చే భాగం) దానికి సమాంతరంగా ఉంటుంది. అంకె అసలే రాకపోతే ఆ పికప్ తీగ లోపల తెగి ఉండవచ్చు, లేదా స్విచ్‌లోనో సోల్డర్‌లోనో లోపం ఉండవచ్చు. ముందు అది తేల్చండి. పికప్ బాగానే ఉండి స్విచ్ పాడైన గిటార్లకు కూడా కొత్త పికప్‌లు కొంటూ ఉంటారు.

ఇప్పుడు తీగలు వదులు చేసి, పిక్‌గార్డ్ (పికప్‌లు బిగించి ఉన్న ముందరి పలక) స్క్రూలు తీసి తిరగేయండి. ఏ వైరు ఎక్కడికి వెళ్తోందో కనబడేలా ఫోటో తీసుకోండి. పికప్ అడుగు చూడండి. నల్లటి పలక ఒకటి అతికించి ఉంటే అది సెరామిక్ అయస్కాంతం, పైన కనబడే పోల్స్ ఉక్కువి. పలక లేకుండా పోల్స్ తామే అయస్కాంతాలైతే చాలావరకు ఆల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన అయస్కాంత లోహం). ఆల్నికోలో మీటుడులోని బలం, మెత్తదనం బాగా తెలుస్తాయని నా అభిప్రాయం. డిస్టార్షన్ (కావాలని గరుకుగా చేసిన శబ్దం) ఎక్కువగా వాడేవాళ్లకు సెరామిక్ కూడా నచ్చుతుంది.

కొనేటప్పుడు ఓమ్‌ల అంకె చూసి మోసపోవద్దు. ఎక్కువ చుట్లు చుట్టినా, తీగ సన్నగా ఉన్నా ఆ అంకె పెరుగుతుంది. అది పెద్దదైనంత మాత్రాన శబ్దం మెరుగని కాదు. కావలసినవి వేరే: పోల్స్ మధ్య దూరం మీ కవర్లకు సరిపోవాలి, హమ్‌బకర్ (రెండు తీగచుట్టల పికప్) పెడితే పాట్‌లు 500 కిలో ఓమ్‌లవి కావాలి. చవక గిటార్ల పిక్‌గార్డ్ రంధ్రాలు చిన్న పాట్‌ల కోసం తొలిచినవి. పెద్ద అమెరికన్ పాట్‌లకు దాదాపు 9.5 మి.మీ. రంధ్రం కావాలి, కాబట్టి ముందే కొలవండి.

అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది మధ్య పికప్. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చినప్పుడు స్విచ్‌కు మూడే స్థానాలు. వాయించేవాళ్లు దాన్ని మధ్యలో ఆపి రెండు పికప్‌లు కలిపి మోగించేవారు. ఐదు స్థానాల స్విచ్‌ను ఫెండర్ 1977లో పెట్టింది. ఇప్పటి సెట్లలో ఎక్కువగా మధ్య పికప్‌కు అయస్కాంతం, తీగ చుట్టు రెండూ తిరగేసి ఉంటాయి. అందువల్ల రెండు పికప్‌లు కలిసి మోగే 2, 4 స్థానాల్లో 50 హెర్ట్జ్ హమ్ (కరెంటు వల్ల వచ్చే బర్ర్ మనే శబ్దం) చాలావరకు రద్దవుతుంది. రెండు పికప్‌లను ముఖాముఖి పట్టుకుంటే ఆకర్షించాలి, వికర్షిస్తే ఆ జత హమ్ రద్దు చేయదు. తర్వాత మీటర్ తగిలించి, పోల్స్ మీద స్క్రూడ్రైవర్ ఆనించి చటుక్కున లాగండి. అంకె క్షణం పాటు పెరగాలి లేదా తగ్గాలి. మూడు పికప్‌లూ ఒకే వైపు కదలాలి. ఒకటి వ్యతిరేకంగా కదిలితే దాని రెండు వైర్లూ మార్చి పెట్టండి, లేకపోతే కలిపి మోగించినప్పుడు శబ్దం పలచబడి డొల్లగా ఉంటుంది.

సోల్డరింగ్‌కు 40 వాట్ల ఐరన్, రోసిన్ ఉన్న 60/40 సోల్డర్ వైర్ చాలు. హైదరాబాద్‌లో అయితే కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. పాట్ వెనక భాగాన్ని సాండ్‌పేపర్‌తో గీకి, అక్కడ ముందే కొంచెం సోల్డర్ పరిచి ఉంచండి. వైరు కొనకు కూడా అలాగే. తర్వాత రెండింటినీ కలిపి ఐరన్ పెడితే మూడు నాలుగు సెకన్లలో సోల్డర్ నీళ్లలా పరుచుకుంటుంది. ఐదు సెకన్లు దాటినా కరగకపోతే ఐరన్ తీసేసి చల్లారనివ్వండి, లేకపోతే పాట్ లోపలి కార్బన్ పట్టీ మాడిపోతుంది. మెరుస్తూ పరుచుకుంటే అతుకు మంచిది, బూడిదరంగులో గరుకుగా ఉంటే మళ్లీ వేడి చేయాలి. పికప్ వైర్లను మాత్రం లాగకండి. వాటి లోపలి చివరన వెంట్రుకంత సన్నని రాగి తీగ ఉంటుంది.

బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) స్ప్రింగుల నుంచి వచ్చే ఎర్త్ వైరు పాట్ వెనకకు చేరిందో లేదో చూసుకోండి. తీగలు ముట్టుకుంటే బర్ర్ తగ్గితే అంతా సరే. ముట్టుకున్నప్పుడే పెరిగితే జాక్ వైర్లు తారుమారయ్యాయి. ఈ ఎర్త్ వైరు మీ వేళ్లను నేరుగా యాంప్‌కు కలుపుతుంది. యాంప్ మూడు పిన్నుల ప్లగ్‌కు ఎర్త్ లేని సాకెట్ వాడితే షాక్ ప్రమాదం ఉంది. ఇంట్లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకున్నాకే ప్లగ్ పెట్టండి.

పిక్‌గార్డ్ బిగించేముందు ఒకసారి మోగించి చూసుకోండి. స్క్రూలు బిగించాక ఎత్తు మళ్లీ మొదటి నుంచి సరిచేయాలి, కొత్త పికప్‌కు పాత కొలత సరిపోకపోవచ్చు. కొన్నాళ్లు మీకు అలవాటైన పాటలే వాయించి, లావు తీగల వైపు, సన్న తీగల వైపు శబ్దం సమంగా ఉందో లేదో వినండి. వచ్చే పాఠంలో బ్రిడ్జ్ కింది లోహపు దిమ్మె, స్ప్రింగుల బిగువు చూద్దాం. అప్పటికి వెనక మూత విప్పి స్ప్రింగులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి ఉంచండి.